ఫరక్ సారు

పత్తికి వాసనేముంటుందంటారు పట్నం వాళ్ళు. చలికాలంలో ఒక పొద్దటిపూట వరంగల్ ఎనుమాముల పత్తి మార్కెట్ గేటు ముందు నిలబడితే తెలుస్తుంది. మంచుకు మెత్తబడ్డ బోరాలు, డీజిలు పొగ, హమాలీల చాయ్, వీటన్నిటి కింద గింజలోని నూనె వేడెక్కినట్టు కమ్మగా, కొంచెం ముక్కిన వాసన. మొన్న సారు పదకొండో దినానికి పోయి వస్తుంటే మా ఆటో పత్తి ట్రాలీల వెనక ఇరుక్కుంది. ముప్పావు గంట కదల్లేదు. డ్రైవరు దిగి బీడీ ముట్టించబోతే ముందు ట్రాలీ మీదున్న రైతు, "అన్నా, పత్తి కనబడతలేదా?" అని కసిరాడు.

ఆ వాసన, ఆ అగ్గిపుల్ల కలిసి నన్ను నలభై ఏళ్ళ కిందటి క్లాసులో కూర్చోబెట్టాయి.

"దూది పరుపు నడుమ ఒక వజ్రం పుట్టిందనుకోండ్రి. దాన్ని ఎవ్వడు చూడలే, ఎవ్వడు ముట్టలే, దేనితోని రుద్దలే. ఓనాడు పరుపుకు అగ్గంటుకున్నది. పరుపుతోపాటు వజ్రం గూడ కాలి బూడిదయింది. ఇప్పుడు చెప్పుండ్రి, ఆ వజ్రం గట్టిదా, మెత్తదా?"

డిగ్రీ ఫస్టియర్, ఫిలాసఫీ మొదటి క్లాసు. వరండా చివరి గది. పక్కన జువాలజీ ల్యాబు, అందులోంచి ఫార్మలిన్ వాసన. తొమ్మిది మందిమి. అందులో ఏడుగురం ఎక్కడా సీటు దొరక్క ఈ గ్రూపులో పడ్డవాళ్ళం. నేను పరకాల దిక్కు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాణ్ణి. మా ఊళ్ళో అప్పుడప్పుడే జొన్న చేలు పోయి పత్తి చేలు వస్తున్నాయి. నా పక్కన కూర్చున్నవాడిదీ పత్తి ఇల్లే. వాడు లేచి నిలబడి అన్నాడు: "పత్తిల అగ్గి పడ్డంక వజ్రం సంగతి ఎవడడుగుతడు సార్? ఎన్ని బోరాలు పోయినయని అడుగుతరు."

సారు నవ్వి నవ్వి దగ్గు వచ్చి, బల్ల పట్టుకుని, ఆఖరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత బోర్డు మీద 1878 అని రాశారు. అమెరికాలో చార్లెస్ శాండర్స్ పర్స్ అనే తత్వవేత్త ఆ ఏడు ఒక వ్యాసంలో ఈ వజ్రం సంగతి అడిగాడట. ఒక వస్తువు గురించి మనకున్న భావం అంటే దానివల్ల మన అనుభవంలో ఏమేం తేడాలు వస్తాయో వాటి మొత్తమే, అంతకు మించి మరేమీ లేదు అన్నాడట. ఎవరూ రుద్దని వజ్రాన్ని గట్టిదన్నా మెత్తదన్నా ఏ తేడా రాదు. అది మాట తీరుకు సంబంధించిన గొడవే తప్ప వజ్రానికి సంబంధించింది కాదు. ఈ ఆలోచనకే ప్రాగ్మాటిజం అని పేరు.

"గట్టిదంటే ఏం ఫరక్ పడ్తది? మెత్తదంటే ఏం ఫరక్ పడ్తది? ఫరక్ లేనికాడ కొట్లాట దేనికి?"

ఆ గంట అయ్యేలోపు ఫరక్ అనే మాట ఎన్నిసార్లు అన్నారో మావాడు నోటుబుక్కు వెనక గీతలు పెట్టి లెక్కేశాడు. ముప్పై దాకా వచ్చాయి. సాయంత్రానికి హాస్టల్లో ఆయన పేరు ఫరక్ సారు. రిటైరయ్యేదాకా, తర్వాతా అదే పేరు.

* * *

ఆ పేరు పర్స్ అని పలకాలని తెలిశాక మాకు ఇంకో సరదా దొరికింది. పర్స్ గారి పర్సు ఎప్పుడూ ఖాళీయే. ఇది మేం కట్టిన జోకే గానీ సారుకు బాగా నచ్చి తనే వాడటం మొదలుపెట్టారు. పర్స్‌కు జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఉన్న కొలువు 1884లో ఊడిపోయింది. మళ్ళీ ఏ యూనివర్సిటీలోనూ పర్మినెంట్ కాలేదు. ముప్పై ఏళ్ళు కోస్ట్ సర్వేలో లోలకాలు ఊపి భూమి ఆకర్షణ కొలిచాడు. తర్వాత అదీ పోయింది. పెన్సిల్వేనియాలో మిల్ఫర్డ్ అనే ఊరి దగ్గర ఇల్లు కొనుక్కుని, చలికి కట్టెలు లేక, రాసుకుంటూ రాసుకుంటూ 1914లో పోయాడు. స్నేహితుడు, తనూ ప్రాగ్మాటిస్టే అయిన విలియం జేమ్స్ చందాలు పోగుచేసి పంపకపోతే తిండి కూడా కష్టమయ్యేది. చనిపోయాక ఇంటి నిండా కాగితాల కట్టలే. వాటిని భార్య దగ్గర నుంచి హార్వర్డ్ తీసుకుంది. 1931 నుంచి 1958 దాకా ఎనిమిది సంపుటాలు అచ్చయ్యాయి. అయినా ఇంకా మిగిలే ఉన్నాయి.

సారు ఈ కథ చెప్పేటప్పుడు గొంతు మారేది. ఆయనకు కొలువు ఉండేది, జీతం వచ్చేది. ఐనా ఎందుకో ఆ ఖాళీ పర్సు మనిషిని తన చుట్టమనుకునేవారు.

సారు గిర్మాజీపేటలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవారు. పీహెచ్‌డీ పర్స్ మీదే. చేరేటప్పుడు పెద్దలు, "శంకరుడి మీద చెయ్యి, రెండేండ్లల్ల అయిపోతది" అని సలహా ఇచ్చారట. ఈయనకు తొమ్మిదేళ్ళు పట్టింది. పుస్తకాలు ఇక్కడ దొరికేవి కావు. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. దాని లైబ్రరీ కోసం దేశం నలుమూలల నుంచీ వచ్చేవాళ్ళు. మా సారు నెలకు రెండు శనివారాలు కాజీపేటలో రైలెక్కి పోయేవారు. టిఫిన్ బాక్సులో జొన్నరొట్టె, పచ్చిపులుసు సీసా, నాలుగు నోటుబుక్కులు. జిరాక్స్ ఖర్చెక్కువని చేత్తోనే ఎత్తి రాసుకునేవారు. ఒకసారి నన్నూ తీసుకుపోయారు. ఆ హాల్లో చల్లటి గాలి, మెత్తటి కుర్చీ. నేను పది నిమిషాల్లో నిద్రపోయాను. లేచేసరికి సారు పదిహేడు పేజీలు రాశారు. తిరుగు రైలంతా, "బిడ్డా, అమెరికా కుర్చీల నిద్ర మంచిగ వట్టిందా?" అని ఏడిపించారు.

ఆయన ఇంటికి ఆదివారం పొద్దున పోతే ఆజంజాహీ మిల్లు సైరన్ వినపడేది. ఆ సైరన్‌తోనే గిర్మాజీపేట లేచేది, తినేది, పడుకునేది. గడియారం ఉన్నవాళ్ళు కూడా దాన్ని సైరన్‌కే కలుపుకునేవాళ్ళు. సారు భార్యను మేం అమ్మ అనే పిలిచేవాళ్ళం. సైరన్ కూయగానే ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఓ ఆదివారం ఎంతకూ సైరన్ కూయలేదు, మిల్లులో ఏదో గొడవ. సారు ఉపన్యాసం పన్నెండు దాటినా సాగుతూనే ఉంది. మాకు ఆకలి. అమ్మ లోపలి నుంచి, "సైరన్ కూయకుంటే మీకు ఆకలి గాదా ఏంది?" అంది. సారు వెంటనే నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకున్నారు. ఎందుకు రాసుకున్నారో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. ఆ సైరన్ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. 1934లో నిజాం కాలంలో మొదలైన మిల్లది. ఇప్పుడు అటు పోతే నాకు దారి కూడా సరిగా అంతు చిక్కదు.

* * *

ఆ రోజుల్లో వరంగల్‌లో గోడలే పేపర్లు. రాత్రి రాసిన నినాదం పొద్దున సున్నం కింద పోయేది, మళ్ళీ రాత్రి పుట్టేది. కాలేజీలో ఏ సంఘానికీ చెందనివాణ్ణి వింతగా చూసేవాళ్ళు. విశాలాంధ్ర పుస్తకాల షాపులో మాస్కో పుస్తకాలు కారు చౌకగా దొరికేవి. ప్రాగ్మాటిజం అమెరికన్ పెట్టుబడిదారుల తత్వమనీ, లాభం వస్తే చాలు ఏదైనా సత్యమేనంటుందనీ వాటిలో ఉండేది. చదివినవాళ్ళు సారును వదులుతారా? ఒక పొద్దున మేం వచ్చేసరికి బోర్డు నిండా పెద్ద అక్షరాలు: సీఐఏ ఏజెంట్ డౌన్ డౌన్.

సారు వచ్చారు. చదివారు. తుడవలేదు. సుద్దముక్క తీసుకుని డౌన్ డౌన్ కింద మాత్రం ఒక గీత గీశారు.

"ఇది తరువాత చూద్దాం. ముందు మొదటి భాగం. నేను సీఐఏ ఏజెంటునే అనుకో. ఏం ఫరక్ కనబడాలె? ఒకటి, నాకు పైసలుండాలె. నా చెప్పులు చూడుండ్రి." నిజంగానే ఎడమకాలి చెప్పు ఎత్తి చూపించారు. పిన్నీసుతో పట్టీ నిలబెట్టి ఉంది. "రెండు, నా సైకిల్‌కు బ్రేకులుండాలె. మూడు, మీ అందరి పేర్లు నాకు యాదికుండాలె. నిన్న నీ పేరు ఏమని పిలిచిన్రా?" వెనక బెంచీవాడు లేచి, "మా అన్న పేరు పెట్టి పిలిచిండ్రు సార్" అన్నాడు. క్లాసంతా విరగబడి నవ్వింది. రాసినవాడు కూడా నవ్వాడు. వాడెవడో సారుకు తెలుసు, మాకూ తెలుసు.

గంట కొట్టాక మాత్రం వాణ్ణి ఆపి ఒక మాట చెప్పారు. 1937లో, రష్యా నుంచి వెళ్ళగొట్టబడ్డ విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ మీద స్టాలిన్ మోపిన నేరాలు నిజమా కాదా అని విచారించడానికి ఒక కమిషన్ పెట్టారు. దానికి అధ్యక్షుడుగా మెక్సికో దాకా పోయినవాడు మరో అమెరికన్ ప్రాగ్మాటిస్టు జాన్ డ్యూయీ. అప్పుడాయనకు డెబ్బై ఎనిమిదో ఏడు. ట్రాట్‌స్కీ సిద్ధాంతంతో ఆయనకు ఏకీభావం లేదు. మనిషి చెప్పేది వినకుండా తీర్పు ఇవ్వొద్దనే పోయాడు. "మాస్కో పుస్తకం తిట్టిందంటే ఎందుకు తిట్టిందో గూడ చదువుకో. నేను వద్దంటలేను" అన్నారు. వాడు చదివాడో లేదో. వాడి గురించి తర్వాత విన్నవి ఇక్కడ రాయలేను.

సారు వాదన అన్నిసార్లూ ఇంత బాగా నడిచేది కాదు. సంఘాల కుర్రవాళ్ళతో గంటలు గంటలు వాదించి ఓడిపోయిన రోజులున్నాయి. "రైతు కూలీకి నీ పర్స్ వల్ల ఏం ఫరక్ పడ్తది సార్?" అని ఆయన మాటతోనే ఆయన్ని కొట్టినవాళ్ళున్నారు. దానికి జవాబు లేక చాయ్ తాగించి పంపారు.

* * *

ఏప్రిల్ 14 వస్తే మా హాస్టల్‌కు సారే ముఖ్య అతిథి. వేరే లెక్చరర్లను పిలిస్తే పని ఉందనేవాళ్ళు. సారు సైకిల్ మీద ముందే వచ్చి, కుర్చీలు సర్దడంలో చెయ్యి కలిపి, ఏటా అదే ఉపన్యాసం ఇచ్చేవారు. మాకు కంఠతా వచ్చింది. ఐనా వినేవాళ్ళం.

1913లో అంబేద్కర్ కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. అక్కడ ఆయన గురువుల్లో ఒకడు డ్యూయీ. 1936లో లాహోర్‌లో చేయాల్సిన ప్రసంగాన్ని పిలిచినవాళ్ళే రద్దు చేస్తే, దాన్ని సొంతంగా పుస్తకం వేశాడు. అదే కుల నిర్మూలన. అందులో డ్యూయీని నా గురువు, ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను అని చెప్పుకున్నాడు. తాతల నుంచి వచ్చిందంతా మూటగట్టి పిల్లల నెత్తిన పెట్టడం సమాజం పని కాదు, రేపటికి పనికొచ్చేదేదో ఏరి అప్పజెప్పడమే పని అన్న డ్యూయీ మాటను అక్కడ వాడుకున్నాడు. సారు ఇక్కడ ఆగి, "గురువు బడి గురించి చెప్పిండు. శిష్యుడు అదే మాటను కులం మీదికి తిప్పిండు. గిదిరా చదువంటే" అనేవారు.

చివరికి 1952. కొలంబియా అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇస్తానంది. జూన్ 5న ఆయన న్యూయార్క్‌లో దాన్ని అందుకున్నాడు. డ్యూయీ జూన్ 1న పోయాడు. సారు ప్రతిసారీ "నాలుగు రోజులు" అని, నాలుగు వేళ్ళు పైకెత్తి, ఆ చెయ్యి అలాగే ఉంచి కాసేపు ఊరుకునేవారు. ఉపన్యాసం అక్కడితో అయిపోయేది. కొత్తగా వచ్చిన పిల్లలు అయిపోయిందని తెలియక చప్పట్లు కొట్టేవాళ్ళు కాదు.

* * *

ఇప్పుడు అసలు గొడవ. ప్రాగ్మాటిజాన్ని తెలుగులో ఏమనాలి?

సారు జీవితంలో సగం దీనికే పోయింది. తెలుగులో ఒక పుస్తకం రాయాలని ఆయన పట్టుదల. అధ్యాయాలు రాస్తూనే ఉన్నారు, పేరు దగ్గర ఆగిపోయేవారు. ఉపయోగితావాదం అందామంటే ఆ మాటను ఇంగ్లండు తత్వవేత్తలు బెంథామ్, మిల్లు తీసుకుపోయారు. ("అది మిల్లు గారి సొత్తు" అంటే మాకు ఆజంజాహీ మిల్లే గుర్తొచ్చేది.) ప్రయోజనవాదం అంటే స్వార్థపరుడి మాటలా ఉంది. ఆచరణ అనే మాట అప్పటికే ఎర్రజెండా పట్టుకుంది. ఫలితవాదం అంటే లాటరీ టికెట్ వాసన.

ఇక బీఈడీ పుస్తకాల్లో అప్పటికే పాతుకుపోయిన మాట, వ్యవహారిక సత్తావాదం. ఇది వింటే సారు కుర్చీలోంచి లేచేవారు. అద్వైతంలో సత్తలు, అంటే ఉనికి మెట్లు, మూడు: పారమార్థికం, వ్యావహారికం, ప్రాతిభాసికం. తాడును చూసి పామనుకోవడం ప్రాతిభాసికం. తాడు తాడే అని తెలిసి బావిలోంచి నీళ్ళు తోడుకోవడం వ్యావహారికం. బ్రహ్మజ్ఞానం కలిగితే ఆ తాడు, బావి, నీళ్ళు ఏవీ నిలబడవు. అంటే వ్యావహారికం ఒక మెట్టు కిందిది, చివరికి రద్దయ్యేది. పర్స్, జేమ్స్, డ్యూయీలు ముగ్గురూ పైన ఇంకో మెట్టు ఉందన్న మాటనే ఒప్పుకోరు. "ఇల్లు లేనోనికి మేడ కిందిగది రాసిచ్చినట్టున్నదిరా ఈ పేరు!"

అలాగని ఇదంతా మనవాళ్ళు ఎప్పుడో చెప్పారనేవాళ్ళన్నా ఆయనకు పడేది కాదు. న్యాయసూత్రాల వ్యాఖ్య న్యాయభాష్యం మొదటి వాక్యంలోనే వాత్స్యాయనుడు ప్రవృత్తి సామర్థ్యం, అంటే చేసిన పని ఫలించడం, అన్నాడు. నీళ్ళున్నాయనుకుని పోయావు, దాహం తీరింది, కాబట్టి నీ జ్ఞానం సరైనది. చూస్తే అచ్చం జేమ్స్ మాటే. "కాదు! దాహం తీరడం నిజానికి గుర్తు అన్నడు వాత్స్యాయనుడు. నిజమంటేనే దాహం తీరడం అనలే. గుర్తు వేరు, వస్తువు వేరు. ఇంత ఫరక్‌ను మింగేసి మనోళ్ళు, మనోళ్ళు అంటరు." నాకు తెలిసి ఆయన చెప్పిన వాటిలో అతి సూక్ష్మమైంది ఇదే. పరీక్షలో ఎప్పుడూ రాలేదు.

ఆఖరికి మేమే ఒక పేరు పెట్టాం, ఫరక్‌వాదం. సగం ఉర్దూ, సగం సంస్కృతం. సారు పడీపడీ నవ్వారు. తర్వాత చెప్పారు: పర్స్ పెట్టిన ప్రాగ్మాటిజం అనే పేరును జేమ్స్ 1898లో నలుగురిలోకి తెచ్చాడు, 1907లో పుస్తకం వేశాడు, ఊరూరా పాకింది. కానీ ఎవరికి తోచిన అర్థం వాళ్ళు పెట్టుకున్నారు. విసిగి పర్స్ 1905లోనే తన దానికి ప్రాగ్మాటిసిజం అని కొత్త పేరు పెట్టుకున్నాడు. ఇంత వికారమైన పిల్లను ఎవడూ ఎత్తుకుపోడులే అన్నాడు. "మన ఫరక్‌వాదం గూడ అంతే వికారం. దీన్ని ఎవ్వడెత్తుకపోడు" అని సారు మురిసిపోయారు. అయినా పుస్తకం మీద వేయడానికి మనసొప్పలేదు. నక్కలగుట్టలో కాళోజీ ఉన్న ఊరు ఇది, వాడుకమాట పెట్టడానికి ఇంకెక్కడ ధైర్యం వస్తుందని నేను అంటే, "కాళోజీ కవి, ఏం రాసినా నిలబడ్తది. నన్ను యూనివర్సిటీల నవ్వుతరు" అన్నారు. ఈ పిరికితనం ఆయనలో ఉండేది. ఉన్నమాట రాస్తున్నాను.

* * *

నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. ఎంఏ అయ్యాక నేను బీఈడీ కాలేజీలో చేరాను. ఒక పబ్లిషర్ మనిషిని పంపి విద్యా తాత్త్విక పునాదుల గైడు రాయమన్నాడు. ఆరు వందలు ఇస్తానన్నాడు, నెల రోజుల గడువు. అప్పుడు ఇంట్లో చెల్లె పెళ్ళి. రాశాను. వ్యవహారిక సత్తావాదం అనే పెట్టాను. పరీక్ష పేపర్లో అదే వస్తుంది, పిల్లలు ఇంకో మాట రాస్తే మార్కు పడదు. "పని చేసేదే సత్యం" అని నల్లక్షరాల్లో ఒక డబ్బా కట్టి అచ్చువేశాను. కింద పన్నెండు బిట్లు.

అది తెగ అమ్ముడుపోయింది. హన్మకొండ బస్టాండు పుస్తకాల షాపులో వేలాడుతుంటే సారు చూశారు. రెండు కాపీలు కొన్నారు. ఒకటి తన దగ్గర పెట్టుకున్నారు, ఒకటి నాకు పోస్టులో పంపారు. లోపల పెద్దగా ఏమీ దిద్దలేదు. నల్లడబ్బా పక్కన మాత్రం ఎర్ర ఇంకుతో ఒకే మాట ఉంది: ఎవరికి?

ఆ ఎండాకాలమంతా నాతో మాట్లాడలేదు. నేను ఇంటికి పోతే అమ్మ చాయ్ ఇచ్చేది, సారు లోపలి గదిలో ఉండేవారు. వానలు మొదలయ్యాక ఒకనాడు చౌరస్తాలో ఎదురుపడ్డారు. తప్పించుకునే చోటు లేదు. ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు చెప్పారు.

"డీఎస్సీల నీ బిట్టు వచ్చిందటగా?"

"వచ్చింది సార్."

"నీ పిల్లలకు మార్కు వడ్డదా?"

"పడ్డది సార్."

"కొలువులు వచ్చినయా?"

"కొందరికొచ్చినయి."

బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది విరిగి గ్లాసులో పడేదాకా చూశారు. "మరింక నేనేమన్న అంటే నా శాస్త్రమే నన్ను కొడ్తది" అన్నారు. ఆ రోజు బిల్లు నన్ను కట్టనిచ్చారు. అంతకుముందు ఎప్పుడూ కట్టనిచ్చేవారు కాదు.

* * *

పత్తి పోయిన ఏడాది, 1997-98. లద్దెపురుగు పడ్డది, కొట్టిన మందు పనిచేయలేదు, అప్పులు పెరిగాయి. వరంగల్ జిల్లాలో రైతులు పురుగుకు కొట్టాల్సిన మందే తాగారు. సారు క్లాసులో అప్పటికి ఉన్నది నలుగురు. ఒక పిల్లవాడు రెండు వారాలు రాలేదు. వచ్చిననాడు గుండుతో వచ్చాడు. ఆ రోజు పాఠం వజ్రమే. దూది, అగ్గి, బూడిద. సారు పుస్తకం తెరిచి, మూసి, అటెండెన్స్ తీసుకుని పిల్లల్ని పంపేశారు.

సాయంత్రం నన్ను పిలిపించుకున్నారు. చాలాసేపు ఏదీ మాట్లాడలేదు. తర్వాత, "పర్స్ ముసలితనంల జవాబు మార్చుకున్నడు, నీకెరికేనా?" అన్నారు. నాకు తెలియదు. 1905లో పర్స్ మళ్ళీ ఆ వజ్రం దగ్గరికే వచ్చాడట. ఎవరూ రుద్దకపోయినా ఆ వజ్రం గట్టిదే అన్నాడట. రుద్ది ఉంటే గీత పడకపోయేది అన్న మాట వట్టి మాటతీరు కాదు, లోకంలో ఉన్న సంగతే అని తన తప్పు తనే దిద్దుకున్నాడట.

"పాతికేండ్లు మొదటి జవాబే చెప్పిన. పిల్లలు నవ్వుతరని. పురుగు పడకపోయుంటే ఆ రైతు బతికెటోడు. ఎవడూ చూడలేదు గద అని ఆ మాటకు అర్థం లేదంటమా?"

మర్నాటి నుంచి రెండు జవాబులూ చెప్పేవారట. నవ్వు మాత్రం రాలేదట.

ఆ తర్వాత ముగ్గురు, తర్వాత ఒక్కరు. ఎండాకాలంలో అడ్మిషన్ల బల్ల దగ్గర సారే కుర్చీ వేసుకుని, వచ్చిన తండ్రులకు చాయ్ తెప్పించి, "ఫిలాసఫీ తీసుకుంటే పిల్లగాడు చెడిపోడు" అని బతిమాలేవారు. ఆయన రిటైరైన ఏడే ఆ పోస్టు ఎత్తేశారు. వరండా చివరి గదిలో కంప్యూటర్లు పెట్టారు. ఏసీ వచ్చాక ఫార్మలిన్ వాసన కూడా పోయింది.

* * *

రిటైరయ్యాక ఆయన రోజూ వేయిస్తంభాల గుడి దాకా నడిచేవారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. దాని ఎదుట ఉన్న కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు. పునాదిలో ఇసుక కుంగింది, స్తంభాలు ఒరిగాయి. రాయిరాయికీ నంబరు వేసి గడ్డిలో పెట్టారు. నెలలన్నది ఏళ్ళయింది. వాకింగ్‌కు వచ్చే రిటైర్డ్ మనుషులకు అదే పంచాయితీ. మళ్ళీ కడితే అది పాత మండపమా, కొత్త మండపమా? సారుకు పండగే. చెట్టు చుట్టూ తిరిగే ఉడుత, దాని వెనక తిరిగే మనిషి అని జేమ్స్ చెప్పిన పిట్టకథ ఒకటుంది. మనిషి ఉడుత చుట్టూ తిరిగినట్టా కాదా అని వాళ్ళు కొట్టుకుంటుంటే, చుట్టూ అంటే నీ ఉద్దేశం ఏమిటో ముందు చెప్పు అంటాడు జేమ్స్. సారు అదే అడిగేవారు: "పాతది అంటే ఏంది? రాయి పాతదా, కట్టుడు పాతదా, దండం వెట్టుడు పాతదా?" ఒక తహసీల్దారు గారు కోపం వచ్చి వాకింగ్ టైం మార్చుకున్నారు.

2024 మార్చిలో మండపం తెరిచారు. అప్పటికి సారు నడవలేరు. చక్రాల కుర్చీలో తీసుకుపోయాను. స్తంభం మీద అరచెయ్యి ఆనించి, కొత్త రాయి ఎక్కడ, పాత రాయి ఎక్కడ అని వేలితో వెతికారు. నేనేమో ఆయన ఇప్పుడు గొప్ప మాటేదో అంటారని ఎదురుచూస్తున్నాను. వాచ్‌మన్ను పిలిచి అడిగారు:

"బిడ్డా, వానకు కురుస్తదా?"

"ఇంకా వానలు పడలే సార్."

"అయితే ఇంకా తెలవదన్న మాట" అని నా వైపు తిరిగి, "పోదాం పా" అన్నారు.

* * *

పదకొండో దినం నాడు భోజనాలయ్యాక సారు బిడ్డ లోపలి నుంచి రెండు సంచులు తెచ్చింది. నోటుబుక్కులు. అమెరికా లైబ్రరీలో ఎత్తి రాసుకున్నవి, తెలుగు పుస్తకం అధ్యాయాలు. మొదటి దాని అట్ట మీద పేరు రాసే చోట నాలుగు మాటలు కొట్టేసి ఉన్నాయి, ఐదోది లేదు. "నాయిన మీకే ఇయ్యమన్నడు" అంది. తీసుకున్నాను.

చెప్పులు వేసుకుంటుంటే మనవరాలు వచ్చింది. బీఈడీ చేస్తోందట. చేతిలో గైడు. అట్ట మారింది, పబ్లిషర్ మారాడు, లోపల నల్లడబ్బా మాత్రం నాదే.

"తాతా, ఈ బిట్టు జర చూడుండ్రి. ప్రాజెక్టు పద్ధతి ఏ వాదానికి చెందినది?"

కిల్‌పాట్రిక్ 1918లో చెప్పిన పద్ధతి. ఆయన డ్యూయీ శిష్యుడు. భావవాదం, ప్రకృతివాదం, వ్యవహారిక సత్తావాదం, వాస్తవికవాదం.

"మీ తాత దీన్ని ఏమనేటోడో యాదికున్నదా?" అన్నాను.

"ఏదో ఉర్దూ మాట అనేటోడు... ఫరక్‌వాదం." మళ్ళీ గైడులోకి చూసింది. "అది ఆప్షన్లల్ల లేదు కదా తాతా."

"లేదు బిడ్డా. మూడోది పెట్టు."